ఎనిమిది చుక్కలు

ల్యాబు చదువు చదువుతున్న పిల్లలు నలుగురు కిందటి నెలలో మా ఇంటికి వచ్చారు. "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి రాసివ్వండి తాతగారూ, మా కాలేజీ పత్రికలో వేసుకుంటాం" అన్నారు. మరిచిపోలేనివి చాలా ఉన్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఊళ్ళో వాళ్ళ రక్తం, కఫం, మూత్రం చూసుకుంటూ బతికినవాడికి కేసులకేం కొదవ? కానీ నేను రాయాల్సింది ఒకటే ఉంది. గొప్పగా చెప్పుకునేది కాదు కాబట్టి ఇన్నాళ్ళూ రాయలేదు. పత్రికలో వేస్తారో మానేస్తారో మీ ఇష్టం. రాయడం మాత్రం రాస్తున్నాను.

అవి యాభైల తొలి రోజులు. మాది తాడేపల్లిగూడెం. పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరు వచ్చి, సాయంత్రం మళ్ళీ పాసింజరుకే తిరిగి వెళ్ళేవాణ్ణి. నేను పనిచేసిన ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడి తప్పు ఆసుపత్రిది కాదు, నాది. ల్యాబంటే ఒక గది. కిటికీ పక్కన మైక్రోస్కోపు, గోడవారగా బీరువా, బల్ల మీద స్పిరిటు దీపం, పరీక్ష గొట్టాలు. మనుషులం ఇద్దరం. ఒకణ్ణి నేను. రెండో ఆయన మా పెద్దాయన.

మా పెద్దాయన ఏలూరు తివాచీలు నేసే ముస్లిం కుటుంబంలో పుట్టారు. చిన్నతనమంతా మగ్గం ముందు కూర్చుని ముళ్ళు లెక్కపెట్టిన మనిషి. ఎర్ర కణాలు లెక్కపెట్టడమూ ఆయనకు అలాంటి పనే. "ముడి ఒకటి తప్పితే పువ్వు పక్కకి జరుగుతుందండీ. జరిగిన పువ్వు కొన్నవాడికి తెలీదు. నేసినవాడికి తెలుస్తుంది" అనేవారు. నన్ను 'అండీ' అనకుండా ఎప్పుడూ పిలవలేదు. తిట్టేటప్పుడు కూడా.

పిల్లల వార్డు చూసే డాక్టరమ్మగారు మద్రాసులో చదువుకుని కొత్తగా వచ్చారు. మాట తక్కువ. చీటీ మీద పరీక్ష పేరు రాసి పంపేవారు. ఎందుకో రాసేవారు కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. చీటీలో ఉన్నది చేసి పంపడమే నా పని అనుకునేవాణ్ణి. మీలో కొందరు ఇప్పుడూ అలాగే అనుకుంటూ ఉంటారు. అందుకే ఈ మాట రాస్తున్నాను.

ఒకరోజు కొల్లేటి లంక నుంచి ఒక పసివాణ్ణి తెచ్చారు. ఎనిమిదో నెల పడగానే పుట్టేశాడట. పుట్టి పన్నెండు రోజులైంది. తండ్రి చేపలు పట్టేవాడు. తాటి దోనెలో భార్యనీ బిడ్డనీ గట్టుదాకా తెచ్చి, అక్కణ్ణించి బస్సులో ఏలూరు చేర్చాడు. తల్లికి పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. వార్డులో పిల్లవాణ్ణి చెక్కపెట్టెలో దూది పరిచి పడుకోబెట్టారు. చుట్టూ గుడ్డల్లో చుట్టిన వేడినీళ్ళ సీసాలు. నెలలు నిండని బిడ్డలకు ఆ రోజుల్లో మా దగ్గరున్న యంత్రం అదే. ఇంకుఫిల్లరుతో తల్లిపాలు చుక్కలు చుక్కలుగా పట్టేవారు. పట్టినవి పట్టినట్టే కక్కేస్తున్నాడు. రోజురోజుకీ బరువు తగ్గుతున్నాడు. ఒళ్ళు ముసలివాడి ఒళ్ళులా ముడతలు పడింది. నాలుగు రోజులు నాటు మందులు వేసి, ఇక లాభం లేదని తెచ్చారు.

డాక్టరమ్మగారి చీటీ వచ్చింది. మూత్రంలో ఉప్పు ఎంత ఉందో చూడమని.

ఆ పరీక్ష చాలా తేలిక. పది చుక్కల మూత్రంలో పసుపుపచ్చటి క్రోమేటు ద్రావకం ఒక చుక్క వేస్తాం. తర్వాత వెండి ఉప్పు కరిగించిన ద్రావకాన్ని ఒక్కొక్క చుక్కా వేస్తూ గొట్టం కదుపుతాం. మూత్రంలో ఉప్పు ఉన్నంతసేపూ పాలు విరిగినట్టు తెల్లగా అవుతుంది. ఉప్పు అయిపోయిన క్షణాన ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఎన్ని చుక్కలు పడితే అంత ఉప్పు. అంతే. చేసినవాడి వేళ్ళకి నల్లమరకలు మిగులుతాయి.

ఆ రోజు పెద్దాయన సెలవులో ఉన్నారు. వాళ్ళమ్మాయి నిఖా. ల్యాబులో నేనొక్కణ్ణే. నర్సమ్మ గొట్టంలో తెచ్చింది చెంచాడు కూడా లేదు. వాంతులై ఎండిపోయిన బిడ్డ ఒంట్లో ఉప్పు ఉండదు, మూత్రంలోకి రాదు, ఒకటో రెండో చుక్కలకే రంగు తిరగాలని పుస్తకంలో చదివి ఉన్నాను. ఒకటి వేశాను. రెండు. మూడు. తెల్లగానే ఉంది. ఎనిమిదో చుక్కకి తిరిగింది.

రిజిస్టరులో పెన్సిలుతో ఎనిమిది అని రాశాను. రాసి దానివంక చూస్తూ కూర్చున్నాను. ఇలా ఎందుకుంటుంది? నర్సమ్మ గొట్టాన్ని సెలైనుతో, అంటే ఉప్పునీళ్ళతో, కడిగి ఉంటుందనిపించింది. అంతకుముందు ఒకసారి అలా జరిగింది. అప్పుడు డాక్టరమ్మగారు నన్నే అడిగారు, "మీరు చూసుకోరా?" అని. వార్డుకి వెళ్ళి మళ్ళీ పట్టమన్నాను. నర్సమ్మ రెండు గంటలు కాచుకుని కూర్చుంది. పిల్లవాడు ఒక్క చుక్క కూడా పోయలేదు.

ఇంతలో డాక్టరమ్మగారే ల్యాబు గుమ్మంలోకి వచ్చారు.

"ఏమైందండీ, ఇంకా రాలేదు? గుంటూరు పంపాలా వద్దా తేల్చుకోవాలి. రైలు టైమవుతోంది."

"ఇదిగోనండీ, రాసిస్తున్నాను" అన్నాను.

పెన్సిలు అంకె చెరిపాను. సిరాతో ఒకటి అని రాశాను. చీటీ మీదా అదే రాసి ఇచ్చాను.

అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనిపించలేదు. అది తప్పుడు గొట్టం కాబట్టి, ఉండవలసిన అంకె వేసి సరిదిద్దుతున్నాను అనుకున్నాను. ఈ ముక్క రెండుసార్లు చదవండి. ఎవరినీ మోసం చెయ్యాలనే ఉద్దేశం లేకుండానే మనిషి ఇంత పని చెయ్యగలడు.

ఆ చీటీ చూసి డాక్టరమ్మగారు బిడ్డకి పొట్ట కింది దారి మూసుకుపోయి ఉంటుందని నిర్ణయించారు. ఆ రోగంలో ఉప్పంతా వాంతుల్లో పోతుంది, మూత్రంలో ఉండదు. ఆపరేషన్ చేస్తే బతుకుతారు. ఆపరేషన్ గుంటూరులో చెయ్యాలి. తొడల్లో కొంచెం సెలైను ఎక్కించి, ఉత్తరం రాసిచ్చి, ఆ తల్లినీ తండ్రినీ రైలెక్కించారు. బెజవాడ స్టేషన్లో బండి మారేలోపే పిల్లవాడు పోయాడు. రెండ్రోజుల తర్వాత తండ్రి వచ్చి, ఉత్తరం తిరిగి ఇచ్చేసి వెళ్ళాడు. కవరు విప్పలేదు. విప్పే మనిషి దాకా అది చేరలేదు.

నేను చాలా బాధపడ్డానని రాస్తే బాగుంటుంది కానీ, పడలేదు. నెలలు నిండని పిల్లలు వారానికొకరైనా పోతూనే ఉండేవారు. నాకు ఆ చీటీ గుర్తు కూడా లేదు.

ఏడాది తర్వాత డాక్టరమ్మగారు నర్సులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ల్యాబువాళ్ళం కూడా వెనక బల్ల మీద కూర్చోవచ్చన్నారు. ఒకనాడు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే రెండు గ్రంథుల గురించి చెప్పారు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఆ గ్రంథులు ఒంటికి మించి పెద్దవిగా ఉంటాయట. పుట్టిన కొద్ది వారాలకే సగానికి పైగా కుంచించుకుపోతాయట. ఒంట్లో ఉప్పును పట్టి నిలిపే హార్మోను అక్కడే తయారవుతుంది. "నెలలు నిండకుండా వచ్చిన పిల్లల్లో ఈ గ్రంథులు ఒక్కోసారి ఆ పని అందుకోలేవు. పుట్టుకతోనే లోపం ఉన్న పిల్లలూ ఉంటారు. అప్పుడు ఉప్పు మూత్రంలో కారిపోతూ ఉంటుంది. బిడ్డ కక్కుతాడు, ఎండిపోతాడు. చూడ్డానికి అచ్చం పొట్టదారి మూసుకుపోయినట్టే ఉంటుంది. తేడా ఎక్కడ తెలుస్తుంది? మూత్రంలో. ఒంట్లో ఉప్పు లేకపోయినా మూత్రంలో మాత్రం ఉంటుంది" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

పాఠం అయ్యాక ల్యాబుకి వెళ్ళి పాత రిజిస్టరు తీశాను. సిరాతో రాసిన ఒకటి కింద, చెరిపిన పెన్సిలు గీత లీలగా కనిపిస్తూనే ఉంది. రిజిస్టరు మూసి మళ్ళీ బీరువాలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ పిల్లవాడు తిరిగి వస్తాడా అని నాకు నేనే ఒక ప్రశ్న వేసుకున్నాను. నోరు మూసుకుని ఉండడానికి అది బాగా పనికొచ్చింది.

అలా ఇంకో రెండేళ్ళు.

ఒక వానాకాలం పొద్దున నేను స్టేషన్ నుంచి నడిచి వచ్చేసరికి పిల్లల వార్డు వరండాలో ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ. పక్కన తడిసిన దుప్పటి కప్పుకున్న ముసలామె. నేను దాటి వెళ్ళిపోతుంటే ఆవిడ డాక్టరమ్మగారితో అంటున్న మాటలు వినపడ్డాయి.

"ఈడు రెండోవాడండీ. మొదటోణ్ణి కూడా మీకే సూపిచ్చాను. గుంటూరు ఎల్లమన్నారు. బెజవాడలో పోయాడండీ. ఈడు కూడా అలాగే ఎనిమిదో నెల్లో పుట్టాడు. నిన్న పొద్దుట్నించీ కక్కుతున్నాడు. అన్నలాగే కక్కుతున్నాడండీ. అందుకే ఆగలేదు."

మొదటిసారి నాలుగు రోజులు ఆగినవాళ్ళు, ఈసారి మొదటి రోజునే దోనె ఎక్కారు. ముసలామె అత్తగారు. ఆమె వద్దన్నా ఈవిడ బయల్దేరిందని తర్వాత తెలిసింది. ఆ బిడ్డని మొదట బతికించింది ఆ తొందరే. మేము కాదు.

పావుగంటలో చీటీ వచ్చింది. అదే పరీక్ష. గొట్టం నేనే కడిగి, స్వేదజలంతో ఇంకో రెండుసార్లు కడిగి, నర్సమ్మ చేతికిచ్చాను. గొట్టం వచ్చాక చుక్కలు వేశాను. తొమ్మిది. ఉత్త స్వేదజలంతో చేసి చూశాను. ఒక్క చుక్కకే రంగు తిరిగింది. అంటే వెండి ద్రావకం మంచిదే. మిగిలిన మూత్రంతో మళ్ళీ చేశాను. తొమ్మిదే.

తొమ్మిది అని రాసి పంపాను. డాక్టరమ్మగారు ఆ చీటీ పట్టుకుని వచ్చారు. చేతిలో పాత కేసు కాగితాలు కూడా ఉన్నాయి.

"వీళ్ళన్నయ్యకి మీరే చేశారు. ఒకటి వచ్చింది. ఒకే తల్లి, ఒకే నెల, ఒకే రకం వాంతులు. వాడికి ఒకటి, వీడికి తొమ్మిది. ఎలా కుదురుతుంది? గొట్టం సరిగ్గా కడిగారా?"

"కడిగానండీ."

"మళ్ళీ పట్టిస్తాను. అది కూడా తేలకపోతే గుంటూరు పంపించేస్తాను. అన్నకి ఏమైందో తమ్ముడికీ అదే అయ్యుంటుంది కదా."

ఆవిడ వెళ్ళిపోయారు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నేను రాసిన ఒకటి మూడేళ్ళు ఆ కాగితాల్లో పడి ఉండి, ఇప్పుడు రెండోవాణ్ణి కూడా అదే రైలెక్కించబోతోంది.

పెద్దాయన కిటికీ దగ్గర మైక్రోస్కోపులోంచి తలెత్తకుండా అడిగారు.

"ఏవండీ, ఒంట్లో బాలేదా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. చెరిపిన పెన్సిలు దగ్గర్నించి. ఆయన అప్పుడు తలెత్తారు. కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ బీరువాలోంచి రిజిస్టరు తియ్యండి. తీసుకుని డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళండి."

"మీరు కూడా రండి, సాయిబుగారూ."

"నేను రానండీ. చెరిపింది మీ చెయ్యి."

వరండా దాటి వెళ్ళాలి. ఆ తల్లి అక్కడే కూర్చుని ఉంది. నా చేతిలో రిజిస్టరు చూసి, కబురేదో తెచ్చాననుకుని లేచి నిలబడింది. తలొంచుకుని ఆమెను దాటిపోయాను.

డాక్టరమ్మగారి ముందు రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించాను. "ఇది ఒకటి కాదండీ. ఎనిమిది. గొట్టం సరిగ్గా కడగలేదనుకుని నేనే మార్చేశాను."

ఆవిడ కాగితాన్ని వెలుగుకి ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు. ఆవిడ ముఖంలో ముందు వచ్చింది కోపం కాదు. ఎవరో చెంప మీద కొడితే కలిగే ఆశ్చర్యం.

"నేను ఈ పరీక్ష అడిగిందే ఉప్పు కారిపోతోందేమోనన్న అనుమానంతోనండీ" అన్నారు మెల్లిగా. "ఒకటి అని చూసి, నా అనుమానం తప్పనుకున్నాను. నేను చదివింది నేనే నమ్మలేదు. మీ అంకెని నమ్మాను."

నేను రిజిస్టరు మూయబోయాను.

"మీతో తర్వాత మాట్లాడతాను. ఇప్పుడు టైము లేదు" అని లేచి, నర్సమ్మని కేకేశారు.

గుంటూరు ప్రయాణం ఆగిపోయింది. తొడల్లో సెలైను ఎక్కించారు. పాలలో ఉప్పునీళ్ళు చుక్కలు లెక్కపెట్టి కలిపించారు. నెలలు నిండని బిడ్డలకి ఉప్పు ఇస్తే ఒళ్ళు నీరుపడుతుందని ఆ రోజుల్లో అందరికీ భయం. నర్సమ్మ ఎన్ని చుక్కలో డాక్టరమ్మగారిని రెండోసారి అడిగింది. గుమ్మంలోంచి చూస్తున్న అత్తగారు గుండెలు బాదుకుంది.

"పసిగుడ్డుకి పాలల్లో ఉప్పేసి పడతారా? ఇదెక్కడి వైద్దెం తల్లోయ్!"

తల్లి మాత్రం "పట్టనీ అత్తా" అంది. అంతే అంది.

మందు కోసం మద్రాసుకి టెలిగ్రాం ఇచ్చారు. ఆ గ్రంథి తయారుచేసే అసలు హార్మోనుని పైదేశాల్లో ఈమధ్యే వేరుచేశారని డాక్టరమ్మగారు చదివారట. అది మనకి దొరికేది కాదు. దానికి దగ్గరి చుట్టంలాంటి ఇంకో మందు నూనెలో కలిపి ఇంజెక్షనుగా వచ్చేది. దాని పొట్టిపేరు డోకా. ఆ పేరు వినగానే నర్సమ్మ, "ఏ ఢోకా ఉండదనుకుంటే మందు పేరే ఢోకా ఏమిటండీ!" అంది. ఆ రెండ్రోజుల్లో వార్డులో ఎవరైనా నవ్వింది ఆ ఒక్కసారే.

మూడోరోజు పొద్దున రైల్లో మందు పెట్టె వచ్చింది. ఆ రెండు రోజులూ పిల్లవాడు సెలైను మీదా ఉప్పు మీదా ఒక దారానికి వేలాడినట్టు ఉన్నాడు. ఎక్కించిందంతా మూత్రంలో పోతూనే ఉంది. పూటకోసారి చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి. తొమ్మిది, పది, తొమ్మిది. ఇంజెక్షను మొదలుపెట్టాక నాలుగోరోజుకి ఏడు. ఉప్పు తగ్గించలేదు, అయినా ఏడు. అంటే ఒంట్లో నిలుస్తోందన్నమాట. తర్వాత అయిదు. ఆ రోజు పిల్లవాడు ఏడ్చాడు. అంతవరకూ వాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు. ఆ ఏడుపు వరండా చివరున్న ల్యాబు దాకా వినపడింది. పెద్దాయన లేచి వెళ్ళి తలుపు బార్లా తెరిచి వచ్చి, మళ్ళీ పనిలో కూర్చున్నారు.

పిల్లవాడి సంగతి చివరిదాకా దాచి మిమ్మల్ని ఊరించడం నాకిష్టం లేదు. బతికాడు. ఆరు వారాల తర్వాత ఇంజెక్షను మెల్లిగా తగ్గించి ఆపేశారు. ఉప్పుతో నెట్టుకొచ్చాడు. రెండేళ్ళు నిండేసరికి అదీ అక్కర్లేకపోయింది. గ్రంథి తన పని తను నేర్చుకుందో, లోపం వయసుతో సర్దుకుందో, ఏ రకం లోపమో అప్పుడు మాకు తెలియదు. ఇప్పటి డాక్టర్లు చెప్పగలరేమో. వాళ్ళన్నయ్యకి నిజం అంకె రాసి ఉంటే బతికేవాడా అని డాక్టరమ్మగారిని ఒకసారి అడిగాను. "తెలీదండీ. నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. బతికేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ అవకాశం వాడికి మీరు ఇవ్వలేదు, అంతవరకే చెప్పగలను" అన్నారు. ఆవిడ ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువా చెప్పరు, తక్కువా చెప్పరు.

నాకు మెమో ఇచ్చారు. పాత రిజిస్టరులో ఆ పేజీ కింద జరిగింది జరిగినట్టు రాయించి సంతకం పెట్టించారు. ఒక నెలపాటు నేను చేసిన ప్రతి పరీక్షా పెద్దాయన మళ్ళీ చేశారు. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. డాక్టరమ్మగారు వేసిన శిక్ష ఇంకొకటి ఉంది. "పిల్లవాణ్ణి ఇంటికి పంపుతున్నాను. పదిహేను రోజులకోసారి బరువూ మూత్రమూ చూడాలి. వాళ్ళు ప్రతిసారీ దోనె మీద రాలేరు. మీ ఆదివారాలు మీవి కావు ఇకనించి" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ తల్లికి నేను చెప్పను. చెప్పాల్సింది మీరు" అన్నారు.

అలా కొల్లేరు వెళ్ళడం మొదలైంది. బస్సు దిగి గట్టు మీద నిలబడితే తండ్రి దోనె తెచ్చేవాడు. కిక్కిస గడ్డి మధ్య సన్నటి దారుల్లో గంట ప్రయాణం. గూడబాతులు పడవ దగ్గరికి వచ్చేదాకా కదిలేవి కావు. సంచీలో త్రాసు, రెండు సీసాలు, గొట్టాలు. లంక మీదికి చేరగానే చాప వేసి, తాటి ముంజెలో, కొబ్బరి నీళ్ళో ఇచ్చేవారు. వెళ్ళేటప్పుడు తడిగుడ్డలో చుట్టి కొరమీను పెట్టేవారు. "మా పిల్లోణ్ణి బతికించిన బాబుగారు" అని ఇరుగుపొరుగుకి చూపించేవారు. ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకుని వెళ్ళేవాణ్ణి. కొరమీను పట్టుకుని తిరిగి వచ్చేవాణ్ణి. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

ఒక ఆదివారం పక్కింట్లో కొత్తగా పురుడు జరిగినట్టుంది. బారసాల సందడిగా ఉంది. ఊరంతా అక్కడే ఉంది. ఈవిడ ఒక్కత్తే తన గుమ్మంలో వల చిక్కు తీస్తూ కూర్చుంది. అటువైపు చూడడం లేదు.

"మీరు వెళ్ళలేదేమండీ?" అన్నాను ఊరికే.

ఆవిడ వల ముడి మీదికి ఇంకా వంగింది. అత్తగారు అందుకుంది.

"దాన్ని పిలవరండీ. మూడేళ్ళ బట్టీ ఎవరి బిడ్డనీ ఎత్తుకోనివ్వరు. దీని పాలు మంచియి కావండి. మొదటోణ్ణి ఆ పాలే తినేశాయి. ఈడికి మీరు ఉప్పేసి విషం ఇరిచేశారు కాబట్టి బతికాడు. లేపోతే ఈణ్ణీ తినేసేయే."

కోపంగా అనలేదు ఆమె. వానొస్తోందన్నంత మామూలుగా అంది. కోడలు వల మీదినించి చెయ్యి తియ్యలేదు. ఆ మాట ఆమె ఎన్నిసార్లు విని ఉంటే అలా కూర్చోగలదు!

నేను అన్నాళ్ళూ ఒక బిడ్డ చావు గురించే ఆలోచించాను. చనిపోయిన బిడ్డకి ఇక చెయ్యగలిగిందేమీ లేదనే వంకతో తప్పించుకున్నాను. బతికున్న మనిషి ఒకావిడ, నా ఒకటిని మూడేళ్ళుగా మోస్తోందని నాకు తట్టనే లేదు.

"పాలు కాదండీ" అన్నాను. అత్తగారివైపు తిరిగాను. మళ్ళీ అన్నాను. "ఆవిడ పాలలో ఏ దోషమూ లేదు. ఇద్దరు పిల్లలకీ ఒంట్లో ఉప్పు నిలవని జబ్బు. పుట్టుకతో వచ్చింది. మొదటివాడికి కూడా నేనే పరీక్ష చేశాను. ఎనిమిది చుక్కలు వచ్చింది. నేను ఒకటని రాశాను. అందుకే డాక్టరమ్మగారు ఈ మందు ఇవ్వలేదు. గుంటూరు పంపారు. తప్పు నాది."

చాపమీది పిల్లవాడు త్రాసు గొలుసు పట్టుకుని లాగుతున్నాడు. 

తండ్రి దోనె దగ్గర నిలబడి విన్నాడు. అక్కణ్ణించే నావంక చూశాడు. ముందుకి రాలేదు.

ఆవిడ వల పక్కన పెట్టి లేచింది. నావైపు తిరగలేదు. అత్తగారి ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఇన్నావా అత్తా?"

ముసలామె తల తిప్పుకుంది.

"ఇన్నావా అని అడుగుతున్నాను. అందరూ అక్కడే ఉన్నారు. నడు. ఎల్లి సెప్పు."

అత్తగారు చాపమీది మనవణ్ణి ఒకసారి చూసింది. తర్వాత కొంగు సర్దుకుని పక్కింటివైపు నడిచింది. వెనకాలే ఈవిడ. బారసాల పాట మధ్యలో ఆగిపోవడం నాకు వినపడింది. ఏం చెప్పిందో వినపడలేదు. ఆ రోజు ఎవరూ నాకు చేప పెట్టలేదు. దారి పొడుగునా తండ్రి నీళ్ళకేసే చూస్తూ గెడకర్రతో దోనె తోశాడు. గట్టు మీద దించి, దోనె తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. గట్టు దగ్గర దోనె లేదు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాను. ఇక రారనుకుని సంచీ భుజానికి వేసుకుని బస్సు దారి పట్టబోతుంటే, కిక్కిస పక్కనించి దోనె తొంగిచూసింది. గెడ వేస్తున్నది ఆవిడే. బిడ్డ ఆమె కాళ్ళ దగ్గర పడుకుని ఉన్నాడు.

ఎక్కమనలేదు. దోనెని గట్టుకి ఆనించి, పైట చెంగులోంచి చిన్న సీసా తీసి నా చేతికిచ్చింది.

"ఇక్కడే సెయ్యండి. నా ముందర."

గట్టు మీద కూర్చుని గొట్టం కడిగాను. పది చుక్కలు పోశాను. పసుపు మందు ఒక చుక్క వేశాను. వెండి మందు సీసా మూత తీశాను. ఆవిడ గెడ ఒడ్డున గుచ్చి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నా వేళ్ళనే చూస్తోంది.

"పైకి లెక్కెట్టండి" అంది.

"ఒకటి" అన్నాను.

తెల్లగా విరిగింది.

"రెండు."

తెల్లగానే ఉంది. ఇంకో చుక్క వదిలాను. గొట్టం కదిపాను. అడుగునించి ఇటుక రంగు మెల్లిగా పైకి పాకింది.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది.

"మూడు."

కాగితం తీసి మూడు అని రాశాను. రాసింది ఆమెవైపు తిప్పి చూపించాను. ఆమెకి చదువు రాదు. అయినా వంగి, ఆ అంకెని చాలాసేపు చూసింది.